వైశ్వానరాగ్ని

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బస్తరు ప్రాంతమున వేసవియందు పనికి పోవు గోండుల చెంత ఎండిన ఆనపబుర్ర యొకటి కానవచ్చును. అందు ‘మండియా పేజ్’ అనెడి రాగి అంబలి యుండును. రాగిపిండిని ముందునాటి రాత్రియే నీట కలిపి పులియబెట్టి, మరునాడు ఉడుకుచున్న గంజిలో పోసి కాచుదురు. తెలుగువారికి ఇది పరిచితమైన ఆహారమే. ఆ పులియుటలో కంటికి కానరాని సూక్ష్మజీవులు పిండిని కొంత విడగొట్టియే యుంచును. అనగా, నోటికి రాకమునుపే జీర్ణక్రియ యొకింత ఆరంభమైనది.

ఆకు దొప్పతో త్రాగువరకే మానవుని యిచ్ఛ చెల్లును. గొంతు దిగిన పిదప అతని యాజ్ఞ పనిచేయదు. లాలాజలము పిండిపదార్థమును చక్కెరగా మార్చ నారంభించును. జీర్ణాశయమున హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, పెప్సిన్ అను రసమును మాంసకృత్తులను విడగొట్టును. ఇనుమును సైతము తినివేయగల ఆ ఆమ్లము తన్ను ధరించిన జీర్ణాశయమును దహింపదు. ఒక జిగురుపొర దానిని కాపాడుచుండును. అటుపై సుమారు 6 మీటర్ల పొడవుగల చిన్నప్రేవులో కాలేయమునుండి వచ్చు పిత్తరసము క్రొవ్వును సూక్ష్మబిందువులుగా చీల్చును. క్లోమరసము తక్కిన పనిని నెరవేర్చును. ప్రేవు గోడలయందలి చూషకములు సారమును గ్రహించి రక్తమున కందించును. తినినవాడు గాఢనిద్రలో నున్నను ఈ కార్యమాగదు.

ఇట్లు పనిచేయువా డెవడు? జీవుల దేహములందు వైశ్వానరుడనై యుండి, ప్రాణాపానములతో కూడి, చతుర్విధాన్నమును పచనము చేయుచున్నానని భగవానుడు గీత పదునైదవ అధ్యాయమున సెలవిచ్చెను. రసముల పేర్లను శాస్త్రజ్ఞుడు చెప్పును. ఆ రసములను నడపు చైతన్యమును ఋషి చూపును. ఈ రెండింటికిని విరోధము లేదు.

అన్నియు అగ్నియే చేయుచుండ మానవునికి మిగిలిన కర్తవ్యమేమి? ఏమి తినవలెను, ఎంత తినవలెను, ఎవరికి పెట్టి తినవలెను అను మూడును అతని చేతిలోనివే. కేకయరాజైన అశ్వపతి తన్నాశ్రయించిన ఆర్గురు గృహస్థులకు ఛాందోగ్యోపనిషత్తున ఉపదేశించినది దీనినే. భోజనారంభమున ప్రాణాదులకు సమర్పించు ఐదాహుతులు సర్వలోకములను తృప్తిపరచుననియు, ఆకలిగొన్న బిడ్డలు తల్లిచుట్టు చేరునట్లు సర్వభూతములును ఈ అగ్నిహోత్రము చుట్టు చేరియుండుననియు ఆయన బోధ.

దేహమే దీనికి నిదర్శనము. నోరు రుచి చూచి విడుచును. జీర్ణాశయము పక్వపరచి ముందునకు పంపును. ఏ అవయవమును సర్వస్వమును తనకే దాచుకొనదు. అంబలిలోని కాల్షియము ఎముకకును, చక్కెర కండరమునకును చేరును. ఒకచోట నిలిచిపోయిన అన్నము బలము కాదు, వ్యాధి యగును.

బస్తరులో కొత్త వడ్లు చేతికి వచ్చినపుడు ‘నవాఖానీ’ జరుపుదురు. దేవతలకును పితరులకును నివేదించినగాని క్రొత్త ధాన్యమును ముట్టరు. గోదావరీతీరమునందలి కోయల ‘కొత్తల పండుగ’కును ఇదియే భావము. పండించినవాడు తానే యైనను పంట తన యొక్కనిదే కాదని ఆ వనవాసులు ఏటేట జ్ఞప్తికి దెచ్చుకొందురు.

పొరుగువాని కడుపున ఆకలియై మండునదియు ఈ వైశ్వానరుడే. తన యాకలి తీర్చుకొని యెదుటివాని యాకలిని ఉపేక్షించువాడు, హవిస్సులో సగము దాచుకొని యజ్ఞము ముగిసినదని లేచిపోవువాని వంటివాడు.