విల్లు దించడం కూడా నేర్చుకో

మేడిసన్,
సెప్టెంబరు మొదటి వారం

చిరంజీవి చిన్నాకి,

ఈ నెల మధ్యలో విస్కాన్సిన్‌లో విల్లువేట మొదలవుతుందనీ, జింకకి లైసెన్సు తీసుకున్నాననీ రాశావు. మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. "మన ఇంటావంటా లేని పని, వాడికెందుకు బావగారూ" అని బాధపడింది. ఆవిడ మాట తేలిగ్గా తీసిపారేయకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో జింకను వేటాడితే జైలుకెళ్ళాలి. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి వేట మింగుడుపడదు. ఇక్కడ సంగతి వేరు. వేటాడే మృగాలు బాగా తగ్గిపోయిన ఈ పొలాల చుట్టూ తెల్లతోక జింకలు విపరీతంగా పెరిగాయి, ఏటా వేటతోనే వాటి సంఖ్యను అదుపులో పెడుతున్నారు. విల్లుకంటూ విడిగా వేటకాలం మొదట పెట్టింది కూడా ఈ రాష్ట్రమే, 1934లో. అమ్మకి ఇవన్నీ నువ్వే ఓపిగ్గా చెప్పు.

నేను రాయదలచుకున్నది వేరే ఉంది. లైసెన్సు నీకు వేటాడే హక్కు ఇస్తుంది. బాణం ఎక్కడ దిగుతుందన్న పూచీ మాత్రం పూర్తిగా నీదే.

బాణం తుపాకి గుండులాంటిది కాదు, కోసి చంపుతుంది. బాణం మొనకుండే బ్రాడ్‌హెడ్ పదును ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోతే జింక సాధారణంగా కొద్ది క్షణాల్లో, చూస్తుండగానే పడిపోతుంది. జానెడు వెనక్కి, పొట్టలో తగిలితే గంటల తరబడి నరకం. అందుకే ముందుకాలికి కాస్త వెనగ్గా, ఛాతీలో కింద నుంచి మూడోవంతు ఎత్తున, పేపర్ ప్లేటంత చోటే నీది. అందులోనూ ఒక మడతో, వెంట్రుకల్లో ఒక నీడో ఎంచుకుని కళ్ళు దానికే అతికించు. జింక మొత్తాన్ని చూస్తే బాణం జింకలో ఎక్కడో తగులుతుంది. పక్కకి తిరిగి నిలబడినప్పుడు, లేదా కాస్త అవతలికి తిరిగి ఉన్నప్పుడు మాత్రమే కొట్టు. ఎదురుగా నీవైపే చూస్తున్న జింకకి భుజం ఎముకా, రొమ్ము ఎముకా అడ్డం. కొమ్ములు ఎంత పెద్దవైనా సరే, వద్దు.

ఏకాగ్రత అనగానే నీకు ద్రోణుడి పరీక్ష గుర్తొస్తుంది. అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనపడలేదని మనవాళ్ళందరం చెప్పుకుంటాం. కానీ అది బొమ్మపిట్ట. కదలదు, దాని వెనక ఇంకో పిట్ట లేదు, ఆ వెనక పొలంలో మనిషి లేడు. అడవిలో ముందు అన్నీ చూడాలి. మధ్యలో సన్నటి రెమ్మ ఉన్నా బాణం పక్కకి పోతుంది. జింక వెనక దాని పిల్ల నిలబడి ఉండొచ్చు. గాలి ఎటు వీస్తోంది, వెలుగు ఎంత మిగిలింది, ఇవన్నీ అయ్యాకే ఆ ఒక్క మడత. చూపు ముందు విశాలంగా ఉండి, తర్వాతే ఇరుకవ్వాలి. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో తెలియాలంటే దశరథుణ్ణి తలచుకో. ఆయన గురి తప్పలేదు నాన్నా. చీకట్లో కడవ మునిగే చప్పుడు విని ఏనుగనుకుని వదిలాడు. బాణం అనుకున్న చోటికే వెళ్ళింది. అక్కడ ఉన్నది ముని కుమారుడు. మసక వెలుతురులో ఆకుల చప్పుడు విని విల్లెత్తబోయినప్పుడల్లా ఆ కథ నీకు అడ్డు రావాలి.

దూరం గురించి కూడా రాశావు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 50 మీటర్ల నుంచి కొట్టి 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిందనీ, నీదీ కాంపౌండ్ విల్లే కదా అనీ. ఆవిడ కొట్టేది కదలని లక్ష్యాన్ని. నీ బాణం సెకనుకి 280 అడుగులు పోతుందనుకుందాం. 40 గజాలు దాటడానికి సెకనులో నూటికి దాదాపు 43 వంతులు పడుతుంది. నారి చప్పుడు 11 వంతుల్లోనే జింక చెవిన పడుతుంది. మిగిలిన వ్యవధిలో అది పరుగెత్తడానికి కాళ్ళు మడిచి ఒళ్ళు కిందికి దించుతుంది, నీ బాణం వెన్ను దగ్గరో, వెన్ను మీదుగానో పోతుంది. 20 గజాల్లో ఆ వ్యవధి దాదాపు సగమవుతుంది. ఎంత దూరం కొట్టొచ్చో ఒకటే పరీక్ష: పొద్దున్నే, చేయి వేడెక్కకముందు, వేసిన తొలి బాణం ప్లేటులో పడాలి. పది బాణాలు వేశాక కుదిరిన గురి లెక్కలోకి రాదు. అడవిలో నీకు దొరికేది ఆ తొలి బాణమే.

వేటకి చెట్టెక్కే కూర్చుంటావు కాబట్టి సాధన కూడా చెట్టు మీద నుంచే చెయ్యి, పడిపోకుండా హార్నెస్ కట్టుకునే. పైనుంచి కొట్టేటప్పుడు చేయి దించితే నిలకడ చెడి గురి మారుతుంది. నడుము దగ్గర వంగాలి. జింక కళ్ళు తలకి పక్కల ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది. దాని తల చెట్టు బోదె వెనక్కి పోయినప్పుడే విల్లు లాగు.

అప్పుడు గుండె దడదడ మొదలవుతుంది. ఇక్కడివాళ్ళు బక్ ఫీవర్ అంటారు. కంగారులో గురి చూసే పిన్ జింక మీదికి రాగానే వేలు దానంతటదే నారిని వదిలే రిలీజ్ మీటని టక్కున నొక్కేస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒకటుంది. పెరట్లో విల్లు లాగు, పిన్ గురి మీద ఆన్చు, నాలుగు శ్వాసల సేపు అలాగే నిలిపి ఉంచు, వదలకుండా దించెయ్యి. దించేటప్పుడు వేలు మీట వెనక్కి పెట్టు, బాణం లక్ష్యం వైపే ఉంచు. రోజూ సగంసార్లు ఇలా చెయ్యి. మిస్సోరీకి చెందిన హోలెస్ ఆలెన్ 1966లో పేటెంటుకి దరఖాస్తు పెట్టిన ఈ కప్పీల కాంపౌండ్ విల్లు నీకిచ్చిన గొప్ప సదుపాయం ఇదే: అరవై పౌండ్ల విల్లు పూర్తిగా లాగాక నీ చేతిమీద పన్నెండో, పదిహేనో పౌండ్ల బరువే ఉంటుంది. దాన్ని నువ్వు గట్టిగా కొట్టడానికి కాదు, ఆగి ఆలోచించడానికి వాడుకో. జింక ఒక్క అడుగు వేసి భుజం అడ్డుపెట్టిందా, దించు. ఆ రోజు ఖాళీ చేతులతో వచ్చావని ఎవరైనా నవ్వితే నవ్వనీ. నా లెక్కలో నువ్వు ఆ రోజు సరిగ్గా గురి చూశావు.

బాణం వదిలాక ధ్యాస సడలనివ్వకు. ఎక్కడ తగిలింది, చివరిసారి ఏ చెట్టు పక్కన కనిపించింది, గుర్తు పెట్టుకో. బాగా తగిలిందనిపించినా అరగంట దిగకు. తర్వాత బాణం చూడు. గులాబీ రంగు నెత్తురు, నురగ ఉంటే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. పచ్చటి మురికీ, వాసనా ఉంటే పొట్ట, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. తొందరపడి వెంటపడితే అది లేచి పోతుంది, నీకు దొరకదు, దాని బాధ తీరదు. తెల్లవారాక మళ్ళీ వెళ్ళి ఒక్కో ఆకూ తిప్పి వెతకాలి. దొరక్కపోతే ఆ ఏడాదికి తమ వేట అయిపోయినట్టే లెక్కేసుకునేవాళ్ళు ఇక్కడున్నారు. నువ్వూ వాళ్ళ దారే పట్టాలని నా కోరిక. వెతకడానికి మర్నాడు కావాలి కాబట్టి, సోమవారం పొద్దున్నే ఆఫీసులో నువ్వు ఉండి తీరాలంటే ఆదివారం సాయంత్రం చెట్టెక్కకు.

ఇట్లు,
మీ పెదనాన్న