ఏ బండికమ్మా?

దక్షిణ భారతదేశపు తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురంలో బయలుదేరి, సుమారు 100 కిలోమీటర్లు నడిచి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డు చేరింది. ఆ చిన్న ఊరి స్టేషన్లో ఇవాళ్టికీ రైళ్ళు ఆగుతున్నాయి.

ఆ తర్వాత 34 ఏళ్ళకు, 1890 రైల్వే చట్టం ప్రయాణికుల రైలు ప్రతిదానిలోనూ అన్నిటికంటే కింది తరగతిలో కనీసం ఒక కంపార్టుమెంటు స్త్రీలకు కేటాయించాలంది. రైలు 50 మైళ్ళు దాటి వెళ్ళేదైతే అందులో మరుగుదొడ్డి ఉండాలంది. పేద స్త్రీ శరీరానికీ అవసరాలుంటాయని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే అది గుర్తించింది ప్రయాణం చేసే స్త్రీని. ఏ ప్రయాణమూ లేకుండా ప్లాట్‌ఫారం మీద కూర్చున్న స్త్రీ సంగతేమిటి?

ఇలాంటి స్టేషన్లలో మగవాడు బెంచీ మీద గంటలకొద్దీ పేపరు చదువుకున్నా ఎవరికీ పట్టదు. నేను ఒంటరిగా కూర్చుంటే పావుగంటకే ఎవరో ఒకరు, "ఏ బండికమ్మా?" అంటారు. గొంతులో ఆప్యాయతే ఉంటుంది. "లోపల ఆడవాళ్ళ గది ఉందిగా" అని దారీ చూపిస్తారు. ప్లాట్‌ఫారం టికెట్టు ధర ఇద్దరికీ ఒకటే, సంజాయిషీ మాత్రం నా ఒక్కదానికే.

ముంబయి స్త్రీల గురించి 2011లో వచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం, పనిలేకుండా బయట తిరగడాన్ని స్త్రీల హక్కుగా వాదించింది. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. ఆ ప్రత్యేక గది ఉండాల్సిందే. కానీ కారణం చెప్పుకున్న స్త్రీకే దక్కే భద్రతను హక్కు అనలేం. అది అనుమతి.