మొదటి అడుగుకు ముందు

పొద్దున్నే మేడిపల్లి నుంచి ఎందరో నాచారం కార్ఖానాలకు, ఉప్పల్ మెట్రోకు బయల్దేరుతుంటారు. చాలావరకు నిలబడి చేసే పనులే. వాళ్లలో కొందరికి మంచం దిగగానే మడమ కలుక్కుమంటుంది.

మడమ నుంచి వేళ్ల దాకా, అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది. రాత్రంతా కదలిక లేక, గంజి పెట్టి ఆరేసిన చీరలా అది బిగుసుకుంటుంది. లేస్తూనే ఒంటి బరువంతా దాని మీద మోపితే నొప్పి పుట్టదా మరి?

అందుకే, అడుగు వేయకముందే సాగదీయండి. మంచం మీదే కూర్చోండి. నొప్పి కాలు రెండో మోకాలి మీద వేసుకోండి. కాలివేళ్లను చేత్తో మీ వైపు వంచండి. పది లెక్కపెట్టి వదలండి. మళ్లీ చేయండి. తర్వాత గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయండి.

గ్రానైట్ బండల మీద వట్టి కాళ్లతో తిరగకండి. వంటింట్లోకి మెత్తని చెప్పుల జత వేరే పెట్టుకోండి.

ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందంటే కంగారు పడకండి. అది ఉన్నా నొప్పి లేనివాళ్లు ఎందరో. చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. నెలలు పట్టొచ్చు. అయినా రోజూ, అడుగు వేయకముందే సాగదీయండి.

వాపు, తిమ్మిరి, జ్వరం ఉన్నా, షుగర్ ఉన్నా, ముందు డాక్టరుకు చూపించండి.