తెలియనిదానిని తెలియదని వ్రాయుట

అసత్యమనగానే మనకు నోటితో పలికిన అబద్ధమే స్ఫురించును. తెలియని విషయమును తెలిసినట్లు కాగితముపై వ్రాయుటయు అసత్యమే. పలికినమాట గాలిలో కలిసిపోవచ్చును. వ్రాసినమాట మనము మఱచిన పిదపను మాటాడుచునే యుండును. ఈ రెండవవిధమగు అసత్యము ఎంత సులభముగా, ఎంత మంచివారి చేతులమీదుగా జరుగునో చూపుటకు ఒక చిన్న యుదాహరణము చాలును. అది లోపలిచెవి వాపునకు ఆసుపత్రి కాగితములలో వేయు సంఖ్యను గూర్చినది.

కర్ణభేరికి లోపల, గట్టియెముకలో, నత్తగుల్లవంటి భాగ మొకటియు, మూడు అర్ధవృత్తపు గొట్టములును ఉన్నవి. మొదటిది వినికిడికిని, తక్కినవి దేహము తూలకుండుటకును తోడ్పడును. మెలికలు తిరిగిన త్రోవలు గల ఈ స్థలమును పాశ్చాత్యులు లాబిరింత్ అనిరి. మనము పద్మవ్యూహ మనవచ్చును. అది వాచినచో ఆ వ్యాధిని లాబిరింథైటిస్ అందురు. రోగికి ఇల్లంతయు గిఱ్ఱున తిరుగును, వాంతులగును, వినికిడి తగ్గును, చెవిలో హోరు పుట్టును. కాని తల తిరుగుట కిదియొక్కటే కారణము కాదు. తూలకుండ కాపాడు నరము మాత్రమే వాచినచో తల తిరుగునుగాని వినికిడి చెడదు. మెదడు వెనుకభాగమున రక్తప్రసార మాగినప్పుడును ఇట్టి లక్షణములే కనబడవచ్చును. పూర్వము ఈ పొరపాటు రెండవవైపునకు జరుగుచుండెడిది. ఇట్టి తలతిప్పు మెదడునకు రక్తము పొంగుటచే కలుగునని పెక్కురు వైద్యులు తలంచుచుండగా, లోపలిచెవియే దీనికి మూలము కావచ్చునని 1861లో పారిస్ నగరమున ప్రోస్పర్ మెనియేర్ అను వైద్యుడు చూపెను. పేరు తప్పినచో చికిత్సయు త్రోవ తప్పునుగదా.

వ్యాధుల పేర్లు దేశమున కొక్కటిగా నుండరాదని 1893లో ఫ్రాన్సు దేశీయుడగు బెర్తియాన్ మరణకారణముల పట్టిక నొకదానిని సమర్పించెను. పలుమాఱులు దిద్దబడిన ఆ పట్టిక భారమును 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వహించెను. అమెరికాలో 2015 అక్టోబరు 1వ తేదీనుండి వాడుచున్న దాని రూపములో లోపలిచెవి వాపు కుడిచెవిదైన హెచ్ 83.01, ఎడమచెవిదైన హెచ్ 83.02, రెండుచెవులదైన హెచ్ 83.03, ఏ చెవియో వ్రాయబడనిచో హెచ్ 83.09. ఆ దేశపు ఆసుపత్రుల కాగితములను చదివి ఈ సంఖ్యలు వేయుట నేడు మన హైదరాబాదులో పెక్కుమంది యువతీయువకులకు జీవనోపాధి. కావున ఈ ధర్మసందేహము మన యిండ్లలోనిదే.

ఒక సంగతి తలంచుకొందము. రోగి వచ్చి చూపించుకొని వెళ్లెను. వైద్యుడు “తలతిప్పు; లాబిరింథైటిస్ కావచ్చును” అని మాత్రము వ్రాసెను. ఏ చెవియో లేదు. వినికిడిని పరీక్షించెనో లేదో లేదు. ఆ కాగితము ముందు కూర్చున్న యువతి యేమి చేయవలెను? ఆసుపత్రిలో చేరక చూపించుకొని పోవువారి విషయమున అక్కడి నియమము స్పష్టము: “కావచ్చును” అన్న వ్యాధిని ఉన్నదానిగా నెన్నరాదు, తెలిసిన లక్షణమునకే, అనగా తలతిప్పునకే, ఆర్ 42 అను సంఖ్య వేయవలెను. సందేహమున్నచో వైద్యునే అడుగవలెను. అడుగునప్పుడు “కుడిచెవియే గదా” అని జవాబును నోటి కందింపరాదు.

ఇంతమాత్రమునకు ఇంత పట్టుదల యేల యని కొందరడుగుదురు. సంఖ్య మాఱినంతమాత్రమున రోగి మింగు మాత్ర మాఱదు. వ్యాధిపేరు నిశ్చయముగా నున్నచో బీమావారు సొమ్ము సులభముగా నిత్తురు. రోగికిని మేలేగదా యందురు. ఈ వాదమున దయ లేకపోలేదు. కాని సంఖ్య రోగికంటె ముందుగా ప్రయాణము చేయును. పదిదినముల పిదప ఆ రోగియే మరల తూలుచు వేఱొక వైద్యునియొద్దకు పోయినచో, ఆయన మొదట చూచునది పాత కాగితమునే. “లోపలిచెవి వాపు” అని అందు నిశ్చయముగా నున్నయెడల, ఇదియు దాని శేషమే యనుకొని మెదడును గూర్చి యోచింపక పోవచ్చును. “తలతిప్పు, కారణము తేలలేదు” అని యున్నచో వెదకుట కొనసాగును. తెలియదన్న మాట తలుపును తెఱచియుంచును. తెలిసెనన్న అబద్ధము దానిని మూసివేయును.

అయితే తెలియదనుటయందును రెండు విధములు కలవు. వెదకి తేలక తెలియదనుట వినయము. వెదకకయే తెలియదనుట సోమరితనము. రోగిని ఒక్కమాట యడిగినచో ఏ చెవియో తెలియునప్పుడు హెచ్ 83.09 వేయించువైద్యుడు నిజమును కాపాడుట లేదు, శ్రమను తప్పించుకొనుచున్నాడు. రోగులు గుంపులుగా వేచియుండగా నాలుగు పంక్తులు వ్రాయుట కష్టమే. కాని ఆ పంక్తులును చికిత్సలో భాగమే.

సంఖ్య యెంత సరియైనను మాటకు బదులు కాజాలదు. అమెరికాలో అంతకుముందున్న పట్టికలో ఈ వాపునకు చీముపట్టినది, నీరుపట్టినది, విషపదార్థమువలన కలిగినది, వైరసువలన కలిగినది అను భేదములుండెను. కుడియెడమల భేదము లేదు. క్రొత్తదానిలో కుడియెడమలు వచ్చెను, ఆ భేదములు పోయెను. చీముపట్టిన వాపు వినికిడిని శాశ్వతముగా హరింపగలది. అట్టి భేదమునకు నేటి సంఖ్యలో చోటు లేదు. జల్లెడ మార్చినకొలది నిలుచునవి మాఱును, జాఱునవి మాఱును. జాఱిన దానిని పట్టియుంచునది వైద్యుని వాక్యమే.

ఇక మనయిండ్లకు వత్తము. అవ్వకు తల తిరిగినచో మనము వెంటనే “పైత్యము” అందుము. పిల్లవాడు తూలినచో “దిష్టి” అందుము. ఇవి మనయింటి సంఖ్యలు. పేరుపెట్టితిమి గనుక తెలిసినదని తృప్తిపడుదుము. అంతకంటె ఎప్పటినుండి తిరుగుచున్నది, ఏ చెవి మందగించినది, మాట తడబడుచున్నదా, నడవగలుగుచున్నదా యని అడిగి, కన్నదానిని కన్నట్లు ఒక కాగితముపై వ్రాసి వైద్యునికిచ్చుట మేలు. మాట తడబడినను, కాలుసేతులు పట్టుదప్పినను, నిలువలేకపోయినను, ఒక్కసారిగా వినికిడి పోయినను ఆలస్యము చేయరాదు. పేరుపెట్టుట వైద్యుని పని. ఆయనకును తెలియనప్పుడు “ఇంకను తెలియలేదు” అని చెప్పిన వైద్యుని చులకన చేయకుండుట మనపని. ఆ మాటను మనము గౌరవింపనంతకాలము, ఆసుపత్రిలోను కచేరిలోను ఇంటిలోను నిశ్చయమైన అబద్ధములే మనకు లభించుచుండును.