కాయలు పగులు కాలము



పువ్వును చూచి పరమేశ్వరుని స్తుతించుట సులభము. పువ్వు రాలిన పిమ్మట కొమ్మను వ్రేలాడు నెండుకాయను చూచి స్తుతించువారు అరుదు. వేసవి తొలిదినములలో రాచర్లనుండి నల్లమల వైపు పోవువారికి అడుగడుగున కాయలే కానవచ్చును. గుండ్లకమ్మ యొడ్డున నెమలిగుండ్ల రంగనాయకస్వామి కోవెలకు పోవు యాత్రికులు దర్శనమునకై త్వరపడుదురు; వారి పాదముల క్రింద నలుగు కాయలయందును ఒక దర్శనము కలదని మేము విన్నవించుచున్నాము.

వేగిసకాయను చేతబట్టి చూడుడు. నడుమ గింజ, చుట్టును పలుచని రెక్క, కాసువంటి గుండ్రని యాకారము. రక్తచందనపు కాయయు దీని జ్ఞాతియే. వృక్షశాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన టెరోకార్పస్ అను గ్రీకు పేరునకు రెక్కల కాయ యనియే యర్థము. నల్లమద్దికాయకు రెక్కలైదు. మోదుగకాయలో గింజ కొనయందే యుండును. తక్కినదంతయు గాలికి తెరచాప. జిల్లేడు తన గింజలకు పట్టుకుచ్చులు కట్టి పంపును. రేలకాయ యెగురదు. మూరెడు నల్లని గొట్టములో అరలరలుగా గింజలను దాచి, తియ్యని గుజ్జు చూపి ఎలుగుబంట్లను కోతులను పిలుచును. నల్లతుమ్మ సంగతి మరియు వింత. పూసలు గ్రుచ్చినట్లున్న దాని కాయలను మేకలు మేయును. గట్టి పెంకుగల గింజ మేక కడుపులో నాని, పెంటికలతో వెలువడి, ముందుకన్న సులభముగ మొలచును. మేకలకాపరి తానెరుగకయే చేయు సేద్యమిది!

ఇదంతయు మనుష్యుని కొరకే సృజింపబడెనని చెప్పు ఉపన్యాసకులు పెక్కుండ్రు. మేమట్లు చెప్పజాలము. గురివిందకాయ యెండి మెలితిరిగి విచ్చి, నల్లమచ్చగల యెర్రని గింజలను బయట పెట్టును. కంసాలులు వానితో బంగారము తూచిరి. స్త్రీలు పేరులు గ్రుచ్చుకొనిరి. కాని యా గింజను నమలిన బిడ్డకు ప్రాణాపాయము. ఆ యెరుపు పండును పోలి పక్షులను భ్రమింపజేయుటకే యని శాస్త్రజ్ఞులు కొందరు తలంతురు. ఈ విషము మాట దాచి, సొంపు మాట మాత్రము చెప్పి పిల్లలకు ప్రార్థన నేర్పుట తగునా?

మరియు, రాలిన వేయి గింజలలో ఒకటి వృక్షమగుటయే దుర్లభము. పురుగు తిన్నవి కొన్ని, కార్చిచ్చున మాడినవి కొన్ని. ఇట్టి నాశము నడుమ మిగిలినవాని వలననే, లెక్కలేని తరములకు, ఈ రూపవైచిత్ర్యము కలిగెనని 1859లో డార్విను తన గ్రంథమున చూపెను. భక్తులు కొందరు ఆ మాటకు బెదరిరి. బెదర నేల? రెక్క యెట్లు పలుచనయ్యెనో తెలిసినంత మాత్రమున దాని సొగసు తగ్గునా? అయినను మాడిన గింజల ప్రశ్న యట్లే యున్నది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట సృష్టియంతయు మధురమని పాడుట క్రూరము. మేము ఆ ప్రశ్నను మనస్సున నుంచుకొనియే స్తుతింతుము.

ఈ సీమలో వాన తక్కువ. తుమ్మగింజ యేండ్ల తరబడి మట్టిలో పడియుండి తొలకరికై వేచును. కావున కోవెల దారిలో ఎండుటాకులకు నిప్పు తగులనీకుడు. ఒక రేలకాయను విరిచి, అందలి గింజలను మీ బిడ్డలచేత లెక్కపెట్టింపుడు. గురివిందను మాత్రము వారి నోట బెట్టుకొననీకుడు.