గుంత ఎవరిది?

సెలవులు రాగానే సైదాపురం దిక్కు పోయి పాత మైకా గనులు చూసి రావాలని మన కుర్రాళ్లు అడుగుతున్నారు. జువ్వలదిన్నె చుట్టుపక్కల ఎస్టీ కాలనీల్లో పెరిగిన పిల్లలకు సముద్రం తెలుసు, ఉప్పునీటి కాలవలు తెలుసు, రొయ్యల గుంటలు తెలుసు. నేలమీద అద్దం పొడి చల్లినట్టు మెరిసే మట్టి వాళ్లకు కొత్త. ఎవరో తీసిన వీడియో ఫోన్లో చూసి ఉంటారు. బిట్రగుంటలో రైలెక్కి గూడూరులో దిగి, బస్సులో సైదాపురం చేరి, అక్కడి నుంచి నడిస్తే సరిపోతుంది. పోవడం కష్టం కాదు. ఎందుకు పోతున్నాం, పోయినచోట ఎలా మసులుకోవాలి, అక్కడ దొరికింది చేతికి తీసుకోవచ్చా అన్నవే కష్టమైన ప్రశ్నలు. బడిపంతుళ్లుగా మేము, ఆ గనుల్లో పనిచేసిన జాతి బిడ్డలుగా మనమందరం వీటికి జవాబు వెతుక్కోవాలి.

ముందు ఆ నేల గురించి తెలుసుకుందాం. గూడూరు నుంచి సంగం వరకు సుమారు 60 మైళ్ల పొడవున అభ్రకం దొరికే పట్టీ ఉంది. సైదాపురం, రాపూరు, పొదలకూరు ప్రాంతాలు అందులోవే. కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగి ఉన్న రాతిద్రవం పాత రాళ్ల పగుళ్లలోకి చేరి చల్లారింది. అందులో పలుగురాయి, ఫెల్‌స్పార్, అభ్రకం పెద్దపెద్ద స్ఫటికాలుగా పెరిగాయి. నెల్లూరు అభ్రకానికి కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. మన ఊళ్లలో దాన్ని కాకిబంగారం అంటారు. కాయితం కన్నా పలచగా పొరలు తీయవచ్చు, వేడికి తట్టుకుంటుంది, కరెంటును తన గుండా పోనివ్వదు. అందుకే పొయ్యి కిటికీలకు, మోటార్లకు, రేడియోలకు అది కావలసి వచ్చింది. 19వ శతాబ్దం చివర ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలకు, రేడియోలకు అభ్రకం లేకపోతే గడవదన్నంత గిరాకీ వచ్చింది. తర్వాత వేరే పదార్థాలు వచ్చాయి, గిరాకీ తగ్గింది, గనులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఇక్కడి పాత గనులు చాలావరకు పైనుంచి తవ్వుకుంటూ పోయిన పెద్ద గుంతలు. తవ్వి పారేసిన రాయి పక్కనే గుట్టగా ఉంటుంది. గుంతలో వాననీళ్లు నిలుస్తాయి. పైనుంచి చూస్తే పచ్చగా, చెరువులా ఉంటుంది. చెరువుకు మెట్టు ఉంటుంది, దీనికి ఉండదు. అంచు నిట్టనిలువుగా లోపలికి దిగిపోతుంది.

ఈ గుంతలు ఎవరి చేతులు తవ్వాయి? కూలీలలో మన యానాదులు ఉన్నారు, మాదిగలు, మాలలు, ఇతర పేదకులాల వాళ్లు ఉన్నారు. మగవాళ్లు రాయి కొట్టారు, ఆడవాళ్లు తట్టలు మోశారు, షెడ్లలో కూర్చుని పొరలు చీల్చారు. పొర చీల్చడం సులువైన పని కాదు. కత్తి మొన ఎక్కడ పెట్టాలో, ఏ పొర మరక లేకుండా వస్తుందో వేలికి తెలియాలి. ఆ నేర్పు ఏ పుస్తకంలోనూ మనవాళ్ల పేరుతో రాసి లేదు.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. గని అంతా చెడ్డదే అని పిల్లలకు చెబితే అది సగం మాటే అవుతుంది. అప్పు కింద ఒక రైతు దగ్గర ఏళ్ల తరబడి పశువులు కాచిన కుటుంబానికి, వారం వారం చేతికి వచ్చే కూలి డబ్బు చిన్న విషయం కాదు. 1946లో మైకా గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతి అయ్యే అభ్రకం మీద సుంకం వేసి, ఆ డబ్బుతో ఆస్పత్రులు, బడులు, నీటి వసతులు ఏర్పాటు చేశారు. కలిచేడులో గని కార్మికుల కోసం ఆస్పత్రి వెలిసింది. అదే గని రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి చేరిస్తే దగ్గు, ఆయాసం జీవితాంతం వదలవు. కూలీ నిజమే, దుమ్మూ నిజమే. రెండూ చెప్పాలి.

ఇప్పుడు తీసుకోవడం అనే ప్రశ్నకు వద్దాం. పాత గుంత దగ్గరకు నడిచిపోయిన పిల్లవాడు మెరిసే పెచ్చు ఒకటి జేబులో వేసుకుంటాడు. ఆ పక్క ఊరి తల్లి డంపు గుట్ట మీద పనికిరాదని పారేసిన ముక్కలు ఏరి బస్తాకెత్తి అమ్ముకుంటుంది. లీజు కాయితం ఉన్నవాడు రాయి తీసుకుని, గుంత వదిలి వెళ్లిపోతాడు. ముగ్గురూ భూమి నుంచి తీసుకున్నవాళ్లే. దొంగ అనే మాట వీళ్లలో ఎవరి మీద ముందు పడుతుంది? మనకు తెలుసు. ఆ మాట మన జాతికి కొత్త కాదు. 1871లో మొదలై 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తించిన నేరస్థ తెగల చట్టం కింద నెల్లూరు జిల్లా యానాదులను కూడా చేర్చారు. మన బోగోలు మండలంలోని కప్పరాళ్లతిప్ప పేరు ఆ కాలపు సెటిల్‌మెంట్ల జాబితాలో ఉంది. చట్టం 1947లో మద్రాసులో, 1952లో దేశమంతటా రద్దయింది. యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు దాని మీద పోరాడారు. చట్టం పోయింది, చూపు అంత తొందరగా పోలేదు.

కాయితం మనిషి పేరు మార్చినట్టే రాయి పేరు కూడా మారుస్తుంది. అభ్రకం, పలుగురాయి, ఫెల్‌స్పార్‌లను 2015లో కేంద్రం చిన్న ఖనిజాల్లో చేర్చింది. 2025లో మళ్లీ పెద్ద ఖనిజాల్లోకి మార్చింది. ఆ రాళ్లతో కలిసి లిథియం వంటి విలువైనవి దొరికే అవకాశం ఉండటమే దానికి కారణం. రాయి మారలేదు, దాని మీద హక్కు చెప్పే కాయితం మారింది. కాబట్టి చట్టం ఏది దొంగతనమంటుందో తెలుసుకోవడం అవసరం, కానీ మంచిచెడ్డలు తేల్చడానికి అది ఒక్కటే చాలదు.

మరి వేరే కొలబద్ద ఏది? మన పెద్దల దగ్గర ఒకటుంది. అడవిలో గడ్డ తవ్వినవాళ్లు తీగ తలను తిరిగి మట్టిలో పెట్టి కప్పేవాళ్లు. వచ్చే ఏటికి అక్కడ మళ్లీ గడ్డ ఊరాలి, ఆ దారిన పోయే పశువు కాలు గుంతలో పడకూడదు. ఎంత తీసుకున్నామనే దానితో పాటు, తీసుకున్న చోట ఏం వదిలామనేది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ కొలతతో చూస్తే ముగ్గురిలో పెద్ద బాకీ ఎవరిదో చెప్పనక్కరలేదు. రాయి గడ్డలా తిరిగి మొలవదు, నిజమే. అందుకే రాయి తీసినవాడి బాధ్యత పెరుగుతుందే తప్ప తగ్గదు. మొలవని దాన్ని తీసినవాడు కనీసం నేలనైనా మనిషి నడిచేలా చేసి పోవాలి. గని మూసేటప్పుడు నేలను ఎలా సరిచేస్తారో ముందే ప్రణాళిక ఇవ్వాలన్న నిబంధన మన దేశంలో 2003లో వచ్చింది. అంతకు ముందే వదిలేసిన గుంతలకు అడిగే దిక్కు లేదు.

ఒక కుర్రాడు ఇలా అనవచ్చు: మనకు అన్యాయం జరిగింది కాబట్టి ఆ గుట్టల్లో దొరికింది మనిష్టం వచ్చినట్టు తీసుకోవచ్చు కదా? ఈ మాటను మేము ఒప్పుకోము. పెద్దల కొలబద్ద లీజుదారుకు వర్తిస్తే మనకూ వర్తిస్తుంది. గుట్ట అడుగున తవ్వి అంచు కూలేట్టు చేస్తే, రేపు ఆ రాయి కింద పడేది మన బిడ్డే. చిన్నపిల్లల్ని బడి మాన్పించి ఏరడానికి పంపితే, మనకు జరిగిన అన్యాయాన్ని మనమే వాళ్లకు అప్పగించినట్టు. ఏరి బతికే తల్లిని దొంగ అనకూడదు. ఆమెకు అంతకంటే ప్రాణభయం లేని పని దొరకాలని అడగాలి.

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నవాజో ఆదివాసుల ఎత్తయిన ఎడారి నేలలో 1944 నుంచి 1986 వరకు యురేనియం తవ్వారు. సుమారు 3 కోట్ల టన్నుల ముడిఖనిజం పోయింది, 500 పైగా పాడుబడ్డ గనులు మిగిలాయి. అక్కడి ఎడారుల్లో పాత గనులు చూడటానికి సరదాగా నడిచిపోయేవాళ్లు చాలామంది. ఆ నేల మీద గొర్రెలు కాచుకునే నవాజోలకు మాత్రం అది సరదా కాదు. వాళ్లు తమ గనుల లెక్క తీయించి, శుభ్రం చేయాల్సింది ఎవరని పట్టుబట్టి అడిగారు, కొన్నింటికి డబ్బు రాబట్టారు. పని ఇంకా పూర్తి కాలేదు. కానీ లెక్క ఉంది కాబట్టే అడగగలిగారు.

మనకు ఆ లెక్క కూడా లేదు. పైగా మరొక చిక్కుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గని లీజులివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెల్లూరు జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఆ తీర్పు నీడ మనమీద పడదు. గని ప్రభావిత ప్రాంతాల కోసం 2015 సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి మాత్రం మనకూ వర్తిస్తుంది. అడిగేవాళ్లు ఉండాలి.

కాబట్టి పోండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. గుంపుగా పోండి, టీచరును, ఊరి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోండి. అంచుకు దూరంగా నిలబడండి, నీళ్లలోకి దిగకండి, సొరంగం కనిపిస్తే లోపలికి పోకండి. ఫొటో తీసుకునే ముందు దగ్గరి కాలనీకి పోయి, ఇక్కడ పనిచేసిన అవ్వలు, తాతలు ఎవరైనా ఉన్నారా అని అడగండి. వాళ్లు చెబితే వినండి, చెప్పకపోతే బలవంతం చేయకండి. ఒక నోటుపుస్తకంలో ఊరి పేరు, గుంతకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు, దాని సుమారు వెడల్పు, చుట్టూ కంచె ఉందా లేదా, బడి నుంచి ఎంత దూరం, అందులో ఎవరైనా పడ్డారా, ఈ వివరాలు రాయండి. నకలు ఒకటి పంచాయతీకి, ఒకటి గనుల శాఖకు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. మొదటి పని బడికి దగ్గరున్న గుంతకు కంచె అడగడం.