అనుమానం ఎవరి ఖాతాలో?

కొన్నేళ్ల క్రితం ఒక ఇంటర్వ్యూ బోర్డులో నేనూ కూర్చున్నాను. రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న చూపులేని యువకుడొకడు వచ్చాడు. మిగతావారిని పద్దుల గురించి, అప్పుల గురించి అడిగాం. అతణ్ణి మాత్రం "ఆఫీసుకెలా వస్తారు? మెట్లెలా ఎక్కుతారు?" అని అడిగాం. పని ఎలా చేస్తారని అడగనేలేదు. అడిగివుంటే, కంప్యూటరు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పేవాడే. "పాపం, ఇబ్బంది పడతాడు" అనుకుంటూ మార్కులు తగ్గించాం. నేనూ తగ్గించాను.

అది ద్వేషం కాదు, జాలి. కానీ జాలితో తీసేసినా ద్వేషంతో తీసేసినా పోయేది అతని ఉద్యోగమే కదా!

1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం కేటాయించింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసి, తగిన సౌకర్యం కల్పించే బాధ్యత ప్రభుత్వ సంస్థలదేనంది. చట్టం మనిషిని బోర్డు ముందుదాకా తేగలదు. ఎదుట కూర్చున్నవాడి మనసులోకి రాలేదు.

పని జరగవద్దా అంటారు. జరగాలి. అందుకే అందరినీ అడిగినట్టే అతణ్ణీ పని గురించే అడగాలి. ఏ పద్దుకు చెందిందో తేలని మొత్తాన్ని మేం సస్పెన్స్ ఖాతాలో ఉంచి విచారిస్తాం. ఎవరి ఖాతాలోనో ఖర్చు రాసేయం. ఆ రోజు మా తెలియనితనాన్ని అతని ఖాతాలో ఖర్చు రాశాం.

హోసూరు తెలుగువాణ్ణి. యాస వినగానే నన్ను తూకం వేసినవాళ్లను ఎరుగుదును. ఎరిగీ అదే తక్కెడ పట్టుకున్నాను.